మీ మామయ్య పల్లీల అలర్జీ గురించి

అక్కా, పల్లి చట్నీ తిన్నాక మీ మామయ్యకు పెదవులు వాచి, ఒంటినిండా దద్దుర్లు లేచినా "వేడి చేసింది, అంతే" అని కొట్టిపారేస్తున్నారని రాశారు. మా నాన్నదీ ఇదే వరస, ఆయనకు రొయ్యలు. నెలరోజులు వాదించి నా నోరు నొప్పి పుట్టింది తప్ప వినలేదు. చివరికి ఆయన చిన్ననాటి దోస్తు ఒక్క మాట చెబితే ఒప్పుకున్నారు. మీ ఇంట్లో అలాంటి మాట ఎవరిదో చూడండి.

వనపర్తి వైపు పల్లీలు తప్పించుకోవడం కష్టమే. సర్వపిండిలో, పులిహోరలో, దావత్‌లో బగారా అన్నం పక్కన వేసే వంకాయ కూరలో కూడా ఉంటాయి. ఎంత జాగ్రత్తపడ్డా ఎక్కడో తగులుతాయి.

ఊపిరాడకపోయినా, గొంతు బిగుసుకున్నా, కళ్లు తిరిగినా సెట్రిజిన్ వేసి చూద్దాం అనుకోవద్దు. అది దురదకే. ప్రాణం నిలిపేది అడ్రినలిన్ ఇంజెక్షన్, తొడ బయటివైపు కండకు ఇస్తారు. వెంటనే 108కి ఫోన్ చేయండి. పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తులో పెట్టండి, ఆయాసంగా ఉంటే కూర్చోబెట్టండి. నడిపించొద్దు. బైక్ మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తీసుకుపోవడం మనవాళ్లకు అలవాటు, అది అస్సలు వద్దు. తగ్గినట్టే తగ్గి కొన్ని గంటలకు మళ్లీ రావచ్చు, ఇంటికి పోదామని ఆయన గోల చేసినా ఆసుపత్రిలోనే ఉంచండి.

ముందైతే అలర్జీ డాక్టర్‌కు చూపించి, ఇంజెక్షన్ దగ్గర పెట్టుకోవాలా అని అడగండి. "పల్లీలు పడవు" అని చీటీ రాసి జేబులో పెట్టండి. మా నాన్న చీటీకి ఒప్పుకోలేదు. ఫోన్ కవర్ వెనక దాచాం, ఇంకా చూసుకోలేదు.