వర్క్‌షాపుకి డ్రిల్లింగ్ మిషన్ కొనేటప్పుడు ఏం చూడాలి?

గేట్లు, గ్రిల్స్ చేసే చిన్న వెల్డింగ్ షాపు పెడుతున్నానని, చేతి డ్రిల్‌తో విసిగిపోయానని, పిల్లర్ డ్రిల్ (నిలువు స్తంభానికి బిగించి ఉండే డ్రిల్లింగ్ మిషన్) కొంటే మోటార్ ఎన్ని హెచ్‌పీ ఉండాలని అడిగారు. నాది బాలానగర్‌లో చిన్న షెడ్డు. పదకొండేళ్లుగా ఇదే పని, ఇప్పుడున్నది రెండో మిషన్. మొదటిది మీలాగే మోటార్ చూసి కొన్నాను. అందుకే చెబుతున్నా, హెచ్‌పీ ఆఖర్న అడగండి. ముందు అడగాల్సింది, ఆ మిషన్ ఎంత నెమ్మదిగా తిరగగలదు అని.

షాపువాడు "13 ఎంఎం మిషన్ సార్" అంటాడు. అంటే బిట్‌ని పట్టి బిగించే చక్‌లో 13 ఎంఎం బిట్ పడుతుందని. ఆ బిట్‌కి తగ్గ స్పీడు అందులో ఉందని కాదు. మామూలు హెచ్ఎస్ఎస్ (హై స్పీడ్ స్టీల్) బిట్‌తో ఇనుము కొయ్యాలంటే నేను పెట్టుకున్న లెక్క చాలా తేలిక: 8000ని బిట్ సైజుతో భాగించడమే. 10 ఎంఎం బిట్‌కి 800 ఆర్‌పీఎం, 16కి 500, 20కి 400. స్టెయిన్‌లెస్ అయితే అందులో సగం కంటే తక్కువే. నా మొదటి మిషన్ అర హెచ్‌పీ, నాలుగు మెట్ల పుల్లీ, అన్నిటికంటే తక్కువ స్పీడు 500. ఆరు, ఎనిమిది ఎంఎం హోల్స్‌కి ఏ పేచీ లేదు. ఒకసారి రెయిలింగ్ పని వచ్చింది. 304 స్టెయిన్‌లెస్ బేస్ ప్లేట్లు, 12 ఎంఎం హోల్స్. 300 దగ్గర తిరగాల్సిన బిట్ 500లో తిరిగింది. కీచుమంది, మొన నీలంగా మారింది, ప్లేటు కోసుకుపోవడం మానేసి అద్దంలా మెరిసింది. స్టెయిన్‌లెస్ అలా ఒకసారి రుద్దుకుని గట్టిపడిందంటే కొత్త బిట్ పెట్టినా పట్టదు. నాలుగు హోల్స్‌కి మూడు బిట్లు పోయాయి. మోటార్‌కి మాత్రం ఏమీ కాలేదు, దానికి బలం సరిపోతూనే ఉంది!

కాబట్టి బెల్ట్ మూత ఎత్తి చూడండి. ముందొకటి వెనకొకటి రెండే పుల్లీలుంటే స్పీడు పెద్దగా దిగదు. మధ్యలో మూడో పుల్లీ ఉంటే 200 దాకా దిగే అవకాశం ఉంటుంది. స్పీడుల చార్ట్ మూత లోపలే అంటించి ఉంటుంది, చదవండి. వీఎఫ్‌డీ (కరెంటు ఫ్రీక్వెన్సీ మార్చి మోటార్ స్పీడు మార్చే పెట్టె) పెట్టుకుంటే పుల్లీలతో పనేముంది అని కొందరంటారు. వీఎఫ్‌డీతో స్పీడు తగ్గించినప్పుడు తిప్పే బలం పెరగదు, పుల్లీతో తగ్గిస్తే పెరుగుతుంది. పెద్ద బిట్‌కి కావాల్సింది ఆ బలమే.

రెండోది స్పిండిల్ (చక్‌ని తిప్పే ఇరుసు) ఆట, అంటే అది వదులై ఊగడం. హ్యాండిల్ తిప్పి స్పిండిల్‌ని పూర్తిగా కిందికి దించండి. చక్‌ని గుప్పిట్లో పట్టుకుని పక్కలకి ఊపండి. టక్ టక్ అని చేతికి తెలిసిందంటే ఆ మిషన్ వద్దు. పైకి ఉన్నప్పుడు ఏ మిషనైనా బిగుతుగానే ఉంటుంది, అందుకే దించి చూడమంటున్నా. డయల్ గేజ్ (చిన్న కదలికని కూడా ముల్లుతో చూపే కొలత సాధనం) ఉన్న మిత్రుడెవరైనా ఉంటే వెంట తీసుకెళ్లండి. చక్‌లో నిటారు రాడ్ బిగించి చేత్తో తిప్పితే ముల్లు 0.05 ఎంఎం లోపల కదిలితే బాగున్నట్టే. 0.2 దాటితే మూడు ఎంఎం బిట్లు విరుగుతూనే ఉంటాయి.

టేబుల్ స్పిండిల్‌కి లంబంగా ఉందో లేదో చూడ్డానికి గేజ్ కూడా అక్కర్లేదు. ఒక వెల్డింగ్ రాడ్డుకి మందు రాల్చేసి, మెట్టులాగా రెండుచోట్ల వంచి చక్‌లో బిగించండి. కొస టేబుల్‌ని తాకీ తాకనట్టు ఉంచి, బెల్ట్‌ని చేత్తో తిప్పుతూ చుట్టూ తిప్పండి. ఒకవైపు గీసుకుంటూ ఇంకోవైపు కాగితం దూరిందంటే టేబుల్ వాలి ఉందన్నమాట. పక్కలకి వాలితే బోల్టు వదులు చేసి సరిచేసుకోవచ్చు. ముందుకి వాలితే మాత్రం కొనకండి, దాన్ని సరిచేయడం మన చేతిలో పని కాదు.

కొన్నాకే తెలిసే సంగతి ఇంకోటుంది. పిల్లర్ గుండ్రంగా ఉంటుంది కదా, టేబుల్ వదులు చేశారంటే అది పక్కకి కూడా తిరుగుతుంది, సెంటర్ పోతుంది. సెంటర్ డ్రిల్ (హోల్ మొదలు పెట్టడానికి వాడే చిన్న బిట్) పొట్టిది, 10 ఎంఎం బిట్ 133 ఎంఎం పొడుగు. స్పిండిల్ 50 ఎంఎం మాత్రమే దిగే మిషన్‌లో ఒకటి తీసి ఇంకోటి పెట్టాలంటే టేబుల్ దించక తప్పదు. అంటే మార్కింగ్ మళ్లీ మొదటికి. స్పిండిల్ 80 ఎంఎం, వీలైతే ఇంకా ఎక్కువ దిగేది చూడండి. టేబుల్ ఎత్తడానికి పళ్ల పట్టీ, హ్యాండిల్ ఉండాలి. లేకపోతే ఆ బరువు రోజూ మీ భుజం మీదే.

ఇప్పుడు స్విచ్. నా పాతదానికి మామూలు ఆన్, ఆఫ్ స్విచ్చే. ఓ మధ్యాహ్నం కరెంటు పోయింది. స్విచ్ ఆపడం మర్చిపోయి, చక్ కీ చక్‌లోనే వదిలేసి టీకి వెళ్లాను. తిరిగొచ్చి చూస్తే కీ ఎదురుగోడకి కొట్టుకుని కింద పడి ఉంది, మిషన్ తన పాటికి తాను తిరుగుతోంది. అక్కడ మనిషి లేడు కాబట్టి సరిపోయింది. డీఓఎల్ స్టార్టర్ (బటన్లతో మోటార్‌ని నడిపే, ఆపే స్విచ్ డబ్బా) ఉంటే కరెంటు వచ్చినా మళ్లీ పచ్చ బటన్ నొక్కేదాకా తిరగదు. మిషన్‌తో రాకపోతే విడిగా పెట్టించండి.

గాయం మాత్రం ముక్కని వైస్‌లో (పట్టి బిగించే పట్టకారులో) బిగించడానికి బద్ధకించడం వల్ల అయింది. 25×6 ఎంఎం ఫ్లాట్ (ఇనుప పట్టీ) ముక్కని చేత్తో పట్టుకుని హోల్ వేస్తున్నాను. బిట్ అవతలికి పొడుచుకు వెళ్లే క్షణంలో ఫ్లాట్‌ని పట్టేసి గిర్రున తిప్పింది. ఎడమ బొటనవేలికి మూడు కుట్లు. వైస్ బోల్టులకి టేబుల్‌లో గాడులు ఆరపార ఉన్నవే తీసుకోండి, బిగించడం తేలికైతేనే బిగిస్తాం. పొడుగు ఫ్లాట్ అయితే పొడుగు వైపు ఎడమకి పెట్టి పిల్లర్‌కి ఆనించండి, బిట్ పట్టేసినా పిల్లరే ఆపుతుంది. గ్లవ్స్ మాత్రం వేసుకోకండి.

లేజర్ లైటు గురించి ఎక్కువ చెప్తారు, నేను దాన్ని వారం కూడా వాడలేదు. పంచ్ కొట్టిన గుంటే నమ్మకం. డెప్త్ స్టాప్ (బిట్ ఎంత లోతు దిగాలో అక్కడ ఆపే అడ్డు) మరతో, రెండు నట్లతో ఉంటే మేలు. 13 ఎంఎం దాటిన పని ఉందనుకుంటే ఎంటీ2 టేపర్ (లోపలికి సన్నబడే, మోర్స్ నంబర్ 2 సైజు రంధ్రం) ఉన్న స్పిండిల్ తీసుకోండి, 23 ఎంఎం దాకా టేపర్ షాంక్ (తోక సన్నబడుతూ ఉండే) బిట్లు నేరుగా పడతాయి.

ఇప్పుడున్నది నేను రాణిగంజ్‌లో పాతది కొన్నాను, బరువైన పోత ఇనుము మిషన్. పాతది కొనేవాళ్లు టేబుల్ మీద గుంటలు లెక్కపెట్టండి. నడుమ ఒకటో రెండో ఉంటే ఫర్వాలేదు, జల్లెడలా ఉంటే వాడినవాడు ఎలాంటివాడో తెలిసిపోతుంది. చక్ తీయించి స్పిండిల్ టేపర్‌లో వేలు పెట్టి నిమరండి. గీతలు తగిలితే రేపు పనిలో చక్ జారి ఊడొస్తుంది. హెచ్‌పీ అంటారా, మీ గేట్ల పనికి ఒకటి చాలు.