పాత చర్చి ఆర్గన్ రికార్డింగులో ఆ హోరు ఎందుకు?

ప్రశ్న: మా చర్చిలో ఇరవై ఏళ్లుగా హార్మోనియం వాయిస్తున్నాను. ఈమధ్య యూరప్‌లోని ఒక పాత చర్చిలో ఒకే కళాకారుడు పైప్ ఆర్గన్ మీద వాయించిన, జర్మన్ స్వరకర్త బాఖ్ రచనల కచేరీ రికార్డింగును ఫోనులో విన్నాను. స్వరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయి. వెనుక ఏదో హోరు, మధ్యమధ్య టకటక చప్పుళ్లు. ఇది రికార్డింగు లోపమా? ఆర్గన్ కూడా పెద్ద హార్మోనియమేనా?
— ఒక పాఠకుడు, మారేడ్‌పల్లి, సికింద్రాబాద్

జవాబు: లోపం కాకపోవచ్చు. మీరు విన్నది వాద్యకారుణ్ణి ఒక్కణ్ణే కాదు, ఆ వాద్యాన్నీ, అది నిలిచిన కట్టడాన్నీ కలిపి విన్నారు.

ముందుగా మీ చివరి సందేహం. హార్మోనియంలో తిత్తి నుంచి వచ్చే గాలి సన్నని ఇత్తడి రేకును (రీడును) కంపింపజేస్తుంది. పైప్ ఆర్గన్‌లో రీడ్లున్న గొట్టాలు కొన్ని ఉన్నా, ఎక్కువ గొట్టాలు పిల్లనగ్రోవి పద్ధతిలోనే పలుకుతాయి. ఒక్కో నాదగుణానికి ఒక్కో వరుస, ఆ వరుసలో ఒక్కో మెట్టుకు ఒక్కో గొట్టం చొప్పున ఉంటాయి కనుక లెక్క వేలకు చేరుతుంది. నెదర్లాండ్స్‌లోని హార్లెమ్ నగరంలో, సెయింట్ బావో చర్చిలో క్రిస్టియన్ ముల్లర్ 1735–38 మధ్య నిర్మించిన ఆర్గన్‌లో గొట్టాలు 5,000కు పైగా ఉన్నాయి. 1766లో పదేళ్ల మొజార్ట్ దానిని వాయించాడు.

ఇక అసలు విషయం. హార్మోనియం తిత్తిని మీరు ఎడమచేత్తో కాస్త గట్టిగా నొక్కితే స్వరం పొంగుతుంది. ఆర్గన్ మెట్టును ఎంత బలంగా నొక్కినా ధ్వని పెరగదు, వేలు తీసేదాకా తగ్గదు. అందుచేత ఒక స్వరం విడిచి మరొకటి అందుకునే ఆ లిప్తపాటు ఎడంలోనే వాద్యకారుడు భావమంతా పలికించాలి. రాతి గోడలు, ఎత్తైన కప్పు ఉన్న చర్చిలో, వేలు తీసిన తరువాత కూడా నాదం కొన్ని సెకన్లు మోగుతూ ఆ ఎడాన్ని పూడ్చేస్తుంది. గోల్కొండ కోట కింది ద్వారం దగ్గర చరిచిన చప్పట్లు కొండపైనున్న బాలాహిసార్‌లో వినిపించడం ఎరిగిన మనకు, కట్టడం కూడా ధ్వనిని మలుస్తుందని వేరే చెప్పనక్కరలేదు. మంచి వాద్యకారుడు ఆ మోత ఎంతసేపు నిలుస్తుందో చెవితో కొలుచుకుని, నడక తగ్గించి, స్వరాలను విడివిడిగా పలికిస్తాడు. మైకులు దూరంగా పెడితే కట్టడం ఎక్కువగా, దగ్గరగా పెడితే వేళ్ల పని ఎక్కువగా వినిపిస్తుంది. మీరు విన్నది మొదటి రకం అయి ఉండవచ్చు.

ఆ టకటకలను నేను దోషంగా ఎంచను. పాత ఆర్గన్‌లలో మెట్టు నుంచి గొట్టం కింది గాలిమూత దాకా సన్నని చెక్క పుల్లలే లంకెగా ఉంటాయి. వేలు నొక్కినప్పుడు కదిలేది అవే. హోరు చాలావరకు గాలిది. పూర్వం మనుషులు తిత్తులు తొక్కి గాలి నింపేవారు, ఇప్పుడు ఆ పని విద్యుత్ పంకా చేస్తోంది.

బాఖ్ రచనల్లో ఒకేసారి సాగే స్వరపంక్తులు విడివిడిగా తెలియాలంటే జర్మన్ ఆర్గన్ వాద్యకారుడు హెల్ముట్ వాల్కా రికార్డింగులు వినండి. యౌవనంలోనే చూపు పోయిన ఆయన, ఇతరులు ఒక్కొక్క పంక్తిని విడిగా వాయించి వినిపిస్తే వాటిని మనసులో జోడించుకుని బాఖ్ ఆర్గన్ రచనలను కంఠస్థం చేశారు. 1956లో నెదర్లాండ్స్‌లోని ఆల్క్‌మార్ నగరంలో, సెయింట్ లారెన్స్ చర్చి ఆర్గన్‌పై ఆయన చేసిన బాఖ్ రచన ‘ఆర్ట్ ఆఫ్ ఫ్యూగ్’ రికార్డింగు తొలి స్టీరియో రికార్డింగుల్లో ఒకటి. నాలుగు పంక్తులు కలిసి నడుస్తున్నా ఏదీ మరొకదాని నీడలో పడదు.

అయితే దయచేసి ఫోను స్పీకరులో వినకండి. పదహారడుగుల గొట్టం పలికే అట్టడుగు స్వరం సెకనుకు దాదాపు 33 కంపనాలది. అంత మంద్రనాదం ఆ చిన్న స్పీకరుకు అందదు. మంచి హెడ్‌ఫోన్ పెట్టుకుని, ఆఖరి స్వరం ఆగగానే తీసేయకుండా, చర్చి పూర్తిగా నిశ్శబ్దమయ్యేదాకా అలాగే ఉండండి.