గేర్‌బాక్స్ ఓవర్‌హాల్ చేయించినా ఆయిల్ కారుతోంది... కేసు వేయొచ్చా?

ప్రశ్న: నాది 1969 ఎంజీబీ స్పోర్ట్స్ కారు, వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది. హైదరాబాద్‌లో ఒక షెడ్డు వారు గేర్‌బాక్స్ ఫుల్ ఓవర్‌హాల్ (మొత్తం విప్పి, అరిగినవి మార్చి బిగించడం), సీళ్ల మార్పిడి కలిపి రూ.1,85,000కు ఒప్పుకున్నారు. రూ.1,60,000 ఇచ్చాను. రెండు నెలలకే బెల్ హౌసింగ్ (ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య క్లచ్ ఉండే గూడు) కింద ఆయిల్ చుక్కలు పడుతున్నాయి, రెండో గేరు వేస్తే గర్రుమంటోంది. తీసుకెళ్లి చూపిస్తే, ‘అది ఇంజిన్ సీలు, ఇంకో రూ.40,000 అవుతుంది’ అన్నారు. పాత బాకీ రూ.25,000తో పాటు రోజుకు రూ.500 పార్కింగ్ అద్దె కట్టేదాకా బండి ఇవ్వరట. పక్కా బిల్లు లేదు, వాట్సాప్ మెసేజ్‌లే ఉన్నాయి. మార్చామన్న పాత పార్టులూ ఇవ్వలేదు. ఏం చేయాలి?

జవాబు: వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. కానీ అంతకంటే ముందు, ఆ గేర్‌బాక్స్‌ను ఎవరి చేతా విప్పించకండి. సేవాలోపాన్ని రుజువు చేయాల్సింది ఫిర్యాదుదారుడేనని 2021లో ఎస్‌జీఎస్ ఇండియా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఎంజీబీలో గేర్‌బాక్స్ ఒక్కటే కిందికి దిగదు, ఇంజిన్‌తో కలిపి లేపాలి. కోపంలో ఇంకో మెకానిక్ దగ్గర తీయించారంటే మీ సాక్ష్యం అక్కడే పోతుంది.

ముందు బండి బయటికి రావాలి. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 170 ప్రకారం, చేసిన పనికి కూలి అందేవరకు వస్తువును ఆపుకునే హక్కు మెకానిక్‌కు ఉంది. ఆ హక్కు ఒప్పుకున్న పనికే. చేయని రూ.40,000 పనికి గానీ, ముందు మాట్లాడుకోని అద్దెకు గానీ వర్తించదు. కాబట్టి రూ.25,000ను బ్యాంకు ద్వారా పంపి, ‘అభ్యంతరం తెలుపుతూ చెల్లిస్తున్నాను, నా క్లెయిమ్ వదులుకోవడం లేదు’ అని రాతపూర్వకంగా తెలియజేసి బండి తీసుకోండి. దీనివల్ల మీ కేసు బలహీనపడదు.

ఇక ఇంజిన్ సీలు వాదన. దీన్ని కొట్టిపారేయకండి, నిజం కావచ్చు. ఇంజిన్ వెనక క్రాంక్‌షాఫ్టు చివర ఉండే సీలు కారినా, గేర్‌బాక్స్ ముందు కవరు సీలు కారినా ఆయిల్ వచ్చేది బెల్ హౌసింగ్ అడుగు రంధ్రం నుంచే. పైగా ఈ కారులో రెండింటికీ 20డబ్ల్యూ-50 ఇంజిన్ ఆయిలే కనుక, రంగును బట్టి తేల్చలేరు. గేర్‌బాక్స్‌లో మాత్రమే యూవీ డై (అతినీలలోహిత కాంతిలో మెరిసే రంగు) కలిపి, 40-50 కిలోమీటర్లు నడిపి, ఆ రంధ్రం దగ్గర యూవీ లైటు వేసి చూడాలి. మెరిస్తే కారుతున్నది గేర్‌బాక్సే. సీలు పెదవి ఆనే చోట షాఫ్టుకు గాడి పడి ఉంటే కొత్త సీలూ నిలవదు. బిగించే ముందు ఆ గాడి చూసుకోవడం మెకానిక్ పని. లీకు ఇంజిన్‌దే అని తేలినా మీకు ఒక వాదన మిగులుతుంది: ఇంజిన్ ఎలాగూ బయట ఉన్నప్పుడు ఆ సీలు గురించి మిమ్మల్ని ఎందుకు అడగలేదు?

రెండో గేరు విషయమూ అంతే. బండి ఆగి ఉన్నప్పుడు రివర్సు కూడా గర్రుమంటే క్లచ్ పూర్తిగా విడవడం లేదని అర్థం. అప్పుడు తప్పు క్లచ్‌ను నడిపే హైడ్రాలిక్స్‌లో (ద్రవ ఒత్తిడితో పనిచేసే భాగాల్లో) ఉండొచ్చు. పరుగులో ఒక్క రెండో గేరే అరిస్తే సింక్రో రింగు (గేరు పడేముందు వేగాలను కలిపే రింగు) అరిగినట్టే. ఒకటి, రెండు, మూడు గేర్లలో మూలిగి నాలుగులో సద్దుమణిగితే లేషాఫ్టు (గేర్‌బాక్స్ లోపలి పక్క షాఫ్టు), దాని నీడిల్ బేరింగులు మార్చలేదని బలంగా అనుమానించవచ్చు. ‘సీళ్లు మార్చడం’ అని మాత్రమే ఒప్పుకుని ఉంటే ఇవేవీ వారి బాధ్యత కాదు. మీ మెసేజ్‌లలో ‘ఫుల్ ఓవర్‌హాల్’ అన్న మాట ఉందో లేదో చూడండి. కేసు చాలావరకు దాని మీదే నిలుస్తుంది.

ఈ పరీక్షలు ఆటోమొబైల్ ఇంజినీరుతో చేయించండి. తేదీ, చోటు చెప్పి ఏడు రోజుల ముందు షెడ్డుకు రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి. వారు రాకపోయినా వీడియో తీసి రిపోర్టు తీసుకోండి. గేర్‌బాక్స్ విప్పక తప్పదంటే, ఫిర్యాదు వేశాక పరిశీలనకు కమిషనర్‌ను (వినియోగదారుల కమిషన్ తరఫున వచ్చి చూసే వ్యక్తిని) నియమించమని అడిగి, ఆయన సమక్షంలోనే విప్పించండి.

వినియోగదారుల రక్షణ చట్టం 2019లో సెక్షన్ 2(11) సేవాలోపం గురించి చెబుతుంది. బిల్లు ఇవ్వకపోవడం, పాత పార్టును కొత్తదని చెప్పడం సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతి. మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపే కనుక ఫీజు లేదు. గడువు రెండేళ్లు. వాట్సాప్ మెసేజ్‌లకు భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే ధ్రువీకరణ) జత చేయండి. కారును పెళ్లిళ్లకు, షూటింగులకు అద్దెకిస్తే మాత్రం ‘వాణిజ్య అవసరం, కాబట్టి మీరు వినియోగదారుడు కారు’ అన్న అభ్యంతరం వస్తుంది; వింటేజ్ రిజిస్ట్రేషన్‌లో అలాంటి వాడకం ఎలాగూ కుదరదు.

కొత్త గేర్‌బాక్స్ ఖరీదు వస్తుందని ఆశపడకండి. చేయని పనికి తీసుకున్న డబ్బు వాపసు, మళ్లీ చేయించడానికయ్యే ఖర్చు, కొంత పరిహారం అడగండి. దేనికెంతో లెక్క వేసి, ఇంకో షెడ్డు రాసిచ్చిన కొటేషన్‌తో సహా ఫిర్యాదుకు జత చేయండి.