టెక్సస్ ఇంట్లో సెంట్రల్ ఏసీ: మనమే చూసుకోవాల్సినవి

ఫ్రిస్కోలో కొత్త ఇల్లు కొన్నాం, సెంట్రల్ ఏసీకి మేమే చేసుకోగలిగిన మెయింటెనెన్స్ ఏముంది, ఏటా సర్వీస్ ప్లాన్ కట్టాలా అని అడిగారు కదా. మేమూ డాలస్ దగ్గరే చాలా ఏళ్లుగా ఉంటున్నాం. ముందు ఫిల్టర్, ఏసీలో చేరే నీళ్లను బయటికి పంపే డ్రెయిన్ పైపు, ఈ రెండూ పట్టించుకోండి, చాలా రిపేర్లు మీ గుమ్మం తొక్కవు.

ఫిల్టర్ ప్యాకెట్ మీద మూడు నెలలు అని ఉంటుంది గానీ మన ఇళ్లల్లో అన్నాళ్లు ఆగకూడదు. రోజూ పోపులు, పండగొస్తే గారెలు, పూరీలు, దేవుడి దగ్గర అగరుబత్తీలు, పైగా చాలా ఇళ్లల్లో స్టవ్ మీదుండే మైక్రోవేవ్ ఫ్యాన్ పొగను బయటికి పంపకుండా మళ్లీ వంటింట్లోకే వదులుతుంది, ఆ జిడ్డంతా చేరేది ఫిల్టర్ మీదికే. మా కింది అంతస్తు ఫిల్టర్ నెల తిరిగేసరికి గోధుమరంగుకి వచ్చి వేలు పెడితే అంటుకుంటుంది, పడగ్గదులున్న పై అంతస్తుది అదే టైముకి ఊరికే దుమ్ము పట్టి ఉంటుంది. అందుకే కిందిది నెలకోసారి, పైది రెండు నెలలకోసారి మారుస్తాం. ఇది అంగుళం మందం ఫిల్టర్ల సంగతి, 4 అంగుళాలవైతే ఇంకా ఎక్కువ కాలం వస్తాయి. సైజు పాతదాని అంచు మీదే ఉంటుంది, బాణం గుర్తు గాలిని లాగే గ్రిల్ లోంచి లోపలికి చూపించాలి. మంచిదని చెప్పి అంగుళం మందంలో మెర్వ్ 13 (మెర్వ్ అంటే ఫిల్టర్ ఎంత సన్నటి దుమ్మును ఆపుతుందో చెప్పే నంబర్) కొనకండి, సిస్టమ్ దానికి తగ్గట్టు లేకపోతే గాలి సరిగా ఆడక, లోపలి యూనిట్‌లో గాలిని చల్లబరిచే కాయిల్ మీద మంచు పేరుకుంటుంది. 8 నుంచి 11 మధ్యది చాలు.

ఇక డ్రెయిన్. ఇక్కడ లోపలి యూనిట్ చాలావరకు అటిక్‌లోనే, అంటే పైకప్పు కింది ఖాళీలోనే ఉంటుంది కాబట్టి ఆ పైపులో పాకుడు కట్టి మూసుకుపోతే నీళ్లు కిందున్న ట్రేలోకి, అదీ నిండితే సీలింగ్‌లోకి దిగుతాయి. మీ కిటికీల్లో ఒకదాని పైన గోడలోంచి, ఇలా పొంగిన నీళ్లు బయటికి పోయే చిన్న పైపు ముక్క బయటికి వచ్చి ఉంటుంది, చూడండి. మన కంట పడాలనే దాన్ని అక్కడ పెడతారు, అందులోంచి నీళ్లు కారుతున్నాయంటే అసలు పైపు మూసుకుపోయినట్టే. ఒక జులైలో మా ముందు కిటికీ అద్దం మీద నీటి చారలు చూసి మా ఆవిడ స్ప్రింక్లర్ తగులుతోందేమో అంది, తీరా చూస్తే పైనుంచి చుక్కచుక్కగా పడుతోంది. ఏసీ ఆపేసి, అటిక్‌లో యూనిట్ పక్కన పైపుకు మూత ఉన్నచోట వెట్ వ్యాక్యూమ్ పెట్టి లాగితే జెల్లీలాంటి పాకుడు ఊడి వచ్చింది. ఇప్పుడు సమ్మర్‌లో నెలకోసారి ఆ మూత తీసి కప్పు తెల్ల వెనిగర్ పోసి, అరగంటాగి నీళ్లు పోస్తాను. బ్లీచ్ మాత్రం వద్దు, లోహపు భాగాలు తింటుంది. ట్రేలో ఫ్లోట్ స్విచ్ లేకపోతే తప్పకుండా పెట్టించండి, నీళ్లు నిండగానే అదే ఏసీని ఆపేస్తుంది.

బయటి యూనిట్‌కి పెద్దగా పనిలేదు. చుట్టూ రెండడుగులు ఖాళీ ఉంచి, పవర్ ఆపి, మామూలు గార్డెన్ హోస్‌తో కడగండి. ప్రెషర్ వాషర్ పెడితే సన్నటి రేకులు వంగిపోతాయి. లోపల కెపాసిటర్ ఉంటుంది, పవర్ ఆపినా అందులో కరెంటు నిలిచి ఉంటుంది కాబట్టి యూనిట్ మూత జోలికి వెళ్లొద్దు.

సర్వీస్ ప్లాన్ తప్పనిసరేం కాదు, ఎండలు ముదరక ముందే, మార్చిలో ఒకసారి చూపిస్తే చాలు. ఒక టెక్నీషియన్ మాకు వరుసగా రెండేళ్లు చల్లబరిచే గ్యాస్ తగ్గిందనే చెప్పాడు. ఏసీలో గ్యాస్ పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదండీ, తగ్గిందంటే ఎక్కడో లీక్ ఉన్నట్టే, అదెక్కడో చూపించమని అడగండి. లీక్ పట్టకుండా గ్యాస్ నింపితే డబ్బు గాల్లో పోసినట్టే. పిలిచేముందు ఆ కంపెనీకి టెక్సస్ లైసెన్స్ ఉందో లేదో టీడీఎల్ఆర్ (టెక్సస్ ప్రభుత్వ లైసెన్సుల శాఖ) సైట్‌లో వెతికితే తెలుస్తుంది.

ఇంకొకటి, ఇది మాత్రం ఈ వారమే చూడండి. చాలా బ్రాండ్లు కొత్త యూనిట్‌ని 60 లేదా 90 రోజుల్లోగా రిజిస్టర్ చేయమంటాయి, లేదంటే 10 ఏళ్ల పార్ట్స్ వారంటీ 5 ఏళ్లకు పడిపోతుంది. బిల్డర్ చేసే ఉంటాడని వదిలేయకుండా బయటి యూనిట్, అటిక్‌లోది, రెండింటి సీరియల్ నంబర్లూ ఫోటో తీసుకుని బ్రాండ్ సైట్‌లో కొట్టి చూడండి.