తమ్ముడు గీసిన పటం: అభిప్రాయం ఎలా చెప్పాలి?

ప్రశ్న: మా పిన్ని కొడుకు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ‘రిస్క్’ తరహాలో ప్రాంతాలను ఆక్రమించుకునే ఆట కోసం రెండు నెలలు కూర్చుని హైదరాబాద్ పటం గీశాడు. మొత్తం 36 ప్రాంతాలు, ముగ్గురు ఆటగాళ్లు. పాతబస్తీలోని నాలుగు ప్రాంతాలకు పురానాపూల్, నయాపూల్ మీదుగానే దారి. ఆ నాలుగూ చేజిక్కించుకున్నవారికి ప్రతి వంతులోనూ అయిదుగురు సైనికులు అదనంగా వస్తారు. మూడుసార్లు ఆడితే మూడుసార్లూ పాతబస్తీ దక్కినవారే గెలిచారు. చిన్నబుచ్చుకుంటాడేమోనని ‘బాగుంది’ అని ఊరుకున్నాను. పటం నకలు పంపుతున్నాను. వాడికి ఏమని చెప్పాలి?
— ఒక పాఠకురాలు, మలక్‌పేట

జవాబు: రెండు నెలల శ్రమకు ‘బాగుంది’ అన్న ఒక్క మాట చాలదు. దానితో మీ తమ్ముడు దిద్దుకోగలిగేది ఏమీ లేదు. మీ ఉత్తరంలోనే అసలైన అభిప్రాయం ఉంది: మూడు ఆటలు, మూడింటా ఒకే ఫలితం. ముందుగా ఆ మాటే చెప్పండి, తర్వాత లెక్క చూపించండి. రిస్క్ పటంలో దక్షిణ అమెరికాకు నాలుగు ప్రాంతాలు, బయటివారు ప్రవేశించగల సరిహద్దు ప్రాంతాలు రెండు, అదనపు సైన్యం కేవలం రెండు. అయిదు దక్కాలంటే ఏడు ప్రాంతాలూ నాలుగు సరిహద్దులూ ఉన్న యూరప్‌ను గానీ, తొమ్మిది ప్రాంతాలూ మూడు సరిహద్దులూ ఉన్న ఉత్తర అమెరికాను గానీ నిలబెట్టుకోవాలి. అంత శ్రమకు ఇచ్చే ఫలాన్ని రెండు వంతెనలను కాపలా కాసినవారికే ఇస్తే మిగిలిన ఇద్దరూ కోలుకోలేరు.

అదనపు సైన్యాన్ని తగ్గించడం ఒక మార్గం. నాకు మాత్రం మరో దారి తెరవడమే నచ్చుతుంది. మలక్‌పేటవారు కనుక మీకు తెలిసే ఉంటుంది, చంచల్‌గూడ, డబీర్‌పురాల మీదుగా వెళితే మూసీ దాటకుండానే పాతబస్తీ చేరవచ్చు. ఆ దారి పటంలో లేదు. దాన్ని కలిపితే ఆటకు న్యాయం జరుగుతుంది, పటం కూడా మన ఊరిలాగే ఉంటుంది.

తేలిగ్గా కంటపడని చిక్కు మరొకటి ఉంది. రిస్క్‌లో మాదిరిగా ప్రాంతాల సంఖ్యను మూడుతో భాగించి, శేషం వదిలేసి సైన్యం ఇస్తున్నట్లయితే, 36 ప్రాంతాలను ముగ్గురికి పంచినప్పుడు ఒక్కొక్కరికి 12 ప్రాంతాలు, అంటే నలుగురు సైనికులు వస్తారు. మొదట ఆడేవారు ఎవరి దగ్గరైనా ఒక్క ప్రాంతం లాక్కుంటే చాలు, 11 ప్రాంతాలతో మిగిలిన ఆ ఆటగాడికి తన మొదటి వంతు రాకముందే సైన్యం మూడుకు పడిపోతుంది. రిస్క్ పటంలోని 42 ప్రాంతాలను ముగ్గురు పంచుకుంటే తలా 14 వస్తాయి, అక్కడ మూడు ప్రాంతాలు పోగొట్టుకుంటే తప్ప ఈ నష్టం జరగదు. కాబట్టి ప్రాంతాలు పెంచమని చెప్పండి. కనీసం 39 ఉన్నా కొంత నయం.

రంగుల మీద వాదన అనవసరం, అది గీసినవారి అభిరుచి. చదవడానికి అడ్డొచ్చేది మాత్రం వేలుపెట్టి చూపించండి. మీరు పంపిన నకలులో ‘చాదర్‌ఘాట్’ అన్న అక్షరాలు మూసీ నీలిగీత మీద పడ్డాయి, అది ఏ ఒడ్డున ఉందో, అక్కడి నుంచి మలక్‌పేట మీద దాడి చేయవచ్చో లేదో నాకు అర్థం కాలేదు. అక్కడ ఒక చిన్న వంతెన గుర్తు గీస్తే సరిపోతుంది.

ఇవన్నీ ఒకేసారి మార్పించకండి. ముందు డబీర్‌పురా దారి తెరిచి, మళ్లీ మూడు ఆటలు ఆడి, పాతబస్తీ ఎవరికి దక్కిందో, ఎవరు గెలిచారో కాగితం మీద రాసి అతనికివ్వండి.