జెట్టు జోలికి పోయే ముందు

అబ్బాయ్,

నీ రాయల్ ఎన్‌ఫీల్డ్ బైకు, ఆ ట్విన్‌స్పార్క్ థండర్‌బర్డ్ సంగతి మీ నాన్న చెప్పాడు. బెంజ్ సర్కిల్ దాకా బుద్ధిగానే వస్తుందట, హైవే ఎక్కి అరగంట కాగానే మిస్సింగ్ కొట్టి ఆగిపోతుందట, కాసేపు నీడన పెడితే మళ్లీ స్టార్టవుతుందట. పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజన్‌కి పంపే కార్బొరేటర్ మొత్తం మార్చెయ్యమన్నారట కూడా ఎవరో. మార్చకు. ఇప్పుడే విప్పను కూడా విప్పకు. 2020లో బీఎస్6 పొగ నిబంధనలు వచ్చాక కొత్త బుల్లెట్లకి కార్బొరేటర్ పోయి ఇంజెక్షన్ వచ్చింది. దాంతో కుర్ర మెకానిక్కుల్లో కొందరికి ఈ పాత సరుకంటే ఓపిక లేదు.

పెట్రోలు ట్యాంకులోంచి ఏ వరసలో దిగుతుందో నువ్వూ అదే వరసలో వెతుకు. మొదట ట్యాంకు మూత. దానికి గాలి పోయే సన్నని దారి ఉంటుంది. అది పూడితే పెట్రోలు దిగినకొద్దీ లోపల గాలి చాలక ధార సన్నబడుతుంది. నూనె డబ్బాకి ఒకటే చిల్లు పెట్టి వంచితే గుడగుడమని ఆగిపోదూ, అదే ఇది. బండి ఆగినచోటే మూత తెరువు. సుస్సుమని గాలి పీల్చుకుని, వెంటనే స్టార్టయిందంటే రోగం దొరికినట్టే. నువ్వు ట్యాంకు మీద బ్యాగు కట్టుకుని తిరుగుతావుగా, దాని వాన కవరు మూతని కప్పేసినా ఇదే జరుగుతుంది. నీ బండి లక్షణాలు వింటుంటే నా అనుమానమంతా దీనిమీదే.

మూత బాగుంటే, ఇంజన్ చల్లారాక కార్బొరేటర్ దగ్గర పెట్రోలు పైపు ఊడదీసి సీసాలో పెట్టి ట్యాప్ తిప్పు. ధార తెగకుండా పడాలి. పోనుపోను సన్నబడితే ట్యాప్ జాలీలో తుప్పు చేరింది. బెజవాడ ఉక్కలో, సగం ట్యాంకుతో వానాకాలమంతా నిలబెట్టిన బండికి తుప్పు పట్టదా మరి? ఈ పని ఆరుబయటే చెయ్యి. మీ అపార్ట్‌మెంట్ సెల్లార్లో వద్దు. పెట్రోలు ఆవిరి నేలబారున చేరుతుంది, ఎవరైనా నీళ్ల మోటారు స్విచ్ వేస్తే చాలు అంటుకోవడానికి.

తర్వాత కార్బొరేటర్ కింద పెట్రోలు నిలవుండే ఫ్లోట్ గిన్నె అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ వదులుచేసి, కారింది గాజు గ్లాసులో పట్టు. అడుగున వేరే పొర నిలిచిందంటే నీళ్లు. ఇప్పటి పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది తేమని లాక్కుంటుంది, తేమ మరీ ఎక్కువైతే నీళ్లతో సహా విడిపోయి అడుక్కి దిగుతుంది. పాత రబ్బరు పైపులకీ అది పడదు. ఉబ్బినా పగిలినా ఆలోచించకుండా మార్చెయ్.

ఇవన్నీ అయ్యాకే కార్బొరేటర్, అందులో పెట్రోలు వచ్చే సన్న చిల్లుల జెట్లు. చోక్ తీయగానే ఐడిలింగ్‌లో ఆగిపోతూ, రేజ్ ఇస్తే బాగా పోతుంటే పైలట్ జెట్ పూడింది. ఐడిలింగ్ బాగుండి ఫుల్ రేజ్‌లో తడబడితే మెయిన్ జెట్ చూడు. పూడిన జెట్టులో పిన్నీసో క్లచ్ వైరు పోగో పెట్టి పొడిచావంటే నీకూ నాకూ మాటల్లేవు. అది ఇత్తడి. చిల్లు వెంట్రుకవాసి పెద్దదైతే బండి పెట్రోలు తాగుతుంది, ఎంత ట్యూనింగ్ చేసినా దారికి రాదు. క్లీనర్ స్ప్రే కొట్టి, పంక్చర్ షాపులో గాలి పట్టించు. కళ్లద్దాలు పెట్టుకో. స్ప్రే కొట్టేముందు కార్బొరేటర్ పైమూత కింది పలచని రబ్బరు పొర, డయాఫ్రమ్, తీసి పక్కన పెట్టు, ఆ మందు తగిలితే ఉబ్బిపోయి మళ్లీ కూర్చోదు. చేతిలో ఉండగానే వెలుతురుకి పట్టి చూడు. చిల్లుంటే ఎంత రేజ్ తిప్పినా పికప్ రాదు.

పెట్రోలు, గాలి పాళ్లు సర్దే మిక్చర్ స్క్రూ తీసేముందు మెల్లగా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లకి ఆగిందో రాసుకో. ఆగాక బిగించకు, మొన చెడుతుంది. నీ బండికి అది ఇంజన్ వైపు ఉంటుంది, బయటికి తిప్పితే పెట్రోలు పెరుగుతుంది. మీ తాతయ్య బుల్లెట్‌కి ఎయిర్ ఫిల్టర్ వైపు ఉండేది, అక్కడ లోపలికి తిప్పితే పెరిగేది. రెంటినీ కలిపేసి చెప్పే వీడియోలు చూసి తికమకపడకు. సర్దేది ఇంజన్ బాగా వేడెక్కాకే.

ఓవర్‌ఫ్లో పైపులోంచి పెట్రోలు కారుతుంటే గిన్నె నిండగానే పెట్రోలు ఆపాల్సిన ఫ్లోట్ సూది సరిగ్గా కూర్చోవట్లేదు. ట్యాప్ కట్టేసి, స్క్రూడ్రైవర్ పిడితో గిన్నె మీద మెల్లగా తట్టి చూడు. ఇంజన్ ఆయిల్ కూడా వాసన చూడు. పెట్రోలు వాసన కొడితే ఆయిల్ మార్చేదాకా బండి స్టార్ట్ చెయ్యొద్దు.

అరకు వెళ్తానన్నావట. అది సుమారు 900 మీటర్ల ఎత్తు, అంతమాత్రానికి జెట్లు మార్చక్కర్లేదు. గాలి పలచబడి పికప్ కొంచెం మందగిస్తుంది, ఘాట్ దిగగానే సర్దుకుంటుంది.

గిన్నె గాస్కెట్ కోసం ఆటోనగర్ వెళ్తే పాతది జేబులో వేసుకెళ్లు. అడిగితే బుల్లెట్‌దీ నీదీ ఒకటేనంటారు. పాతదాని మీద పెట్టి, చిల్లుకి చిల్లు సరిపోయాకే డబ్బులివ్వు.

మీ పెదనాన్న