పాత కప్పు, కొత్త రిమ్ము: మీ ప్రశ్నలకి మా జవాబులు

ప్రశ్న: నమస్తే అన్నగారూ, మేం హ్యూస్టన్‌లో ఉంటాం. పోయినేడు 1951 షెవర్లే 3100 పికప్ కొన్నాను, హాఫ్ టన్ బండి. నాకు అమ్మినాయన పాత 16 ఇంచుల వీల్స్ తీసేసి 15 ఇంచుల కొత్త స్టీల్ వీల్స్, రేడియల్ టైర్లు వేయించాడు, ముందు డిస్క్ బ్రేకులు కూడా పెట్టించాడు. ఒరిజినల్ హబ్ క్యాపులు (చక్రం మధ్యన నట్లని మూసే రేకు కప్పులు) నాలుగూ అట్టపెట్టెలో పెట్టి ఇచ్చాడు. అవి ఈ వీల్స్‌కి పట్టట్లేదు, చేత్తో కొట్టి ఎక్కిస్తే మా వీధి చివర స్పీడ్ బ్రేకర్ దగ్గరే ఒకటి ఊడి దొర్లుకుంటూ పోయింది. మా బావమరిదేమో సిలికాన్ పెట్టి అంటించెయ్ అంటున్నాడు. ఏం చెయ్యమంటారు?

జవాబు: ముందుగా మీ బావమరిది గారికి ఓ దండం. సిలికాన్ వద్దు బాబూ, కప్పు కింద వీల్ నట్లున్నాయి, వాటిని అప్పుడప్పుడు చూసుకోవాలి, వీల్ ఊడదీసి బిగించినప్పుడైతే ఓ యాభై నుంచి వంద మైళ్ళు నడిపాక మళ్ళీ టార్క్ రెంచితో (నట్టు ఎంత బిగుతుగా ఉందో కొలిచే పానా) చెక్ చెయ్యాలి, అంటించేశారంటే ఆ పని ఇంక ఎవరూ చెయ్యరు.

అసలు విషయమేంటంటే మీ ట్రక్కు కప్పుకి సొంతంగా పట్టు ఉండదు. తర్వాత కార్లకి వచ్చిన పెద్ద వీల్ కవర్లకి వెనకాల పళ్ళుంటాయి, అవే రిమ్ముని కరుచుకుంటాయి. మీ కప్పు అంచు మాత్రం నున్నగా లోపలికి మడిచి ఉంటుంది, దాన్ని పట్టుకునే స్ప్రింగ్ క్లిప్పులు వీల్‌కే ఉంటాయి. కొత్త వీల్‌కి ఆ క్లిప్పులు లేకపోయినా, ఉండి కూడా అవి నిలబడే వలయం సైజు వేరైనా కప్పు నిలవదు. నట్ల వరస 6 స్టడ్‌లు (నట్లు ఎక్కే బోల్టులు), వాటి వలయం అడ్డకొలత ఐదున్నర ఇంచులు సరిపోయింది కదా ఇంకేముంది అనుకుంటారు చాలామంది, దానికీ దీనికీ సంబంధమే లేదు. కాబట్టి కప్పు తిరగేసి అంచు మడత లోపలి నుంచి లోపలికి కొలవండి (బయటి కొలత ఎందుకూ పనికిరాదు), తర్వాత వీల్ మీద క్లిప్పుల బయటి కొసల మధ్య వలయం కొలవండి, కప్పు కొలత కన్నా ఇది ఒక్క పిసరు ఎక్కువుండాలి, అప్పుడే స్ప్రింగ్ నొక్కుకుని పట్టేస్తుంది.

ఇంకోటి లోతు. డిస్క్ బ్రేకులు వేసినప్పుడు ముందు హబ్ (వీల్ బిగించే నడిమి భాగం) కూడా మారి ఉంటుంది, దాని మధ్యలో బేరింగుని మూసే గ్రీజు క్యాప్ ముందుకి పొడుచుకొచ్చి కప్పుకి లోపల్నుంచి తగలొచ్చు, అప్పుడు మీరెంత కొట్టినా అది వెనక్కి తన్నుతూనే ఉంటుంది. దీన్ని పట్టుకోడానికి చపాతీ పిండి చాలు. చిన్న ముద్ద గ్రీజు క్యాప్ మీద పెట్టి కప్పుని దాని చోట్లో గట్టిగా అదిమి తీసెయ్యండి, పిండి ఎంత మందం మిగిలిందో చూడండి. కాగితంలా నలిగిపోయి మెటల్ కనబడుతుంటే చోటు లేనట్టే. మూడు నాలుగు మిల్లీమీటర్లు మిగిలితే భయం లేదు. వెనక వీల్స్‌కీ ఇలాగే చూడండి.

చోటుండి క్లిప్పులే లేకపోతే, నన్నడిగితే ఈ కప్పుల కోసమే క్లిప్పులతో తయారుచేసే 15 ఇంచుల స్టీల్ వీల్స్ అమెరికాలో దొరుకుతున్నాయి, అవే కొనండి, కొనే ముందు మీ కప్పు లోపలి కొలత చెప్పి అడగండి. లేదా మీ పాత వీల్స్ ఎక్కడైనా దొరికితే వాటి మధ్య భాగం ఉంచి చుట్టూ కొత్త రిమ్ము వెల్డ్ చేసే వీల్ షాపులున్నాయి, ఖర్చెక్కువే గానీ క్లిప్పులు అసలువే మిగుల్తాయి. ఉన్న వీల్ మధ్య ప్లేటుకి క్లిప్పులు రివెట్ చేయించడం కూడా చేస్తారు, తెలిసినవాడి చేతే చేయించండి, టైరు కూర్చునే భాగంలో మాత్రం చిన్న బెజ్జం కూడా పడకూడదు, ట్యూబ్‌లెస్ టైరు గాలి పట్టదు. టైరు ఎక్కించున్న వీల్‌కి ఎవరైనా వెల్డింగ్ పెట్టబోతే ఆపెయ్యండి, వేడికి టైరు పేలి మనుషులు చచ్చిపోయిన సందర్భాలున్నాయి. ఏం చేసినా మార్చేది వీల్‌నే, కప్పు అంచుని ప్లయర్‌తో వంచడం గించడం చెయ్యకండి, డెబ్బై ఏళ్ళ రేకు, చీలిపోద్ది.

ఎక్కించేటప్పుడు రెండు క్లిప్పుల మీద అంచు ఆనించి, మిగతా వైపు రబ్బరు సుత్తితో అంచు దగ్గర కొట్టండి. నడిమధ్య కొడితే సొట్ట ఖాయం.

అడగలేదు గానీ చెప్తున్నా, వాటికి క్రోమ్ వేయించే తొందరలో ఉంటే ఆగండి. కొరియా యుద్ధం రోజుల్లో నికెల్, క్రోమ్ కరువొచ్చి ఆ ఏళ్ళల్లో చాలా ట్రక్కులకి పెయింట్ వేసిన కప్పులే వచ్చాయి. మడత లోపల గీకి పాత రంగేమైనా ఉందేమో చూడండి.

ప్రశ్న: మా తాతగారి నాటి డాడ్జ్ లారీ షెడ్డులో ఉంది, ఎడమ పక్క చక్రాల నట్లు ఎంత తిప్పినా రావట్లేదు, రాడ్‌కి పైపు తొడిగి ఇద్దరం వేలాడాం. (విజయవాడ నుంచి)

జవాబు: వేలాడకండి, మీరు బిగిస్తున్నారేమో! పాత డాడ్జ్‌లకి ఎడమ పక్క ఎడమ మర, అంటే మామూలుకి ఎదురు తిరిగే మర ఉంటుంది. స్టడ్ కొస వైర్ బ్రష్‌తో తుడిచి చూడండి, ఇంగ్లీషు ఎల్ అక్షరం ఉంటే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. మధ్యలో ఎవరైనా స్టడ్‌లు మార్చి ఉండొచ్చు కాబట్టి ఒక్కొక్కదాని మర వాలు చూసుకుని, తుప్పు వదిలే ఆయిల్ కొట్టి ఓ రాత్రి ఉంచి, అప్పుడు పట్టండి పైపు.